ఆ బాణీ ముందే ఎక్కడ విన్నారో వెతకండి

టైటానిక్ సినిమాలోని ‘మై హార్ట్ విల్ గో ఆన్’ పాట మీద వ్యాసం రాయబోతే సాహిత్యానికి అర్థం చెప్పడం దగ్గరే ఆగిపోతున్నానని రాశారు. సాహిత్యాన్ని కాసేపు పక్కన పెట్టి, ఆ బాణీ సినిమాలో ఎక్కడెక్కడ వినిపిస్తుందో గమనించండి. సెలీన్ డియాన్ పాడిన పాట వచ్చేది కథ ముగిశాక, పేర్లు పడేటప్పుడే. కానీ సంగీత దర్శకుడు జేమ్స్ హార్నర్ ఆ బాణీని అంతకుముందే నేపథ్య సంగీతంలో నాటేశారు. కథానాయకుడు జాక్, నాయిక రోజ్ బొమ్మను గీస్తున్నప్పుడు అది ఒంటరి పియానో మీద వస్తుంది, ఎంత మెత్తగా ఉంటుందో! అందుకే చివర్లో పాట మొదలవగానే అది మనల్ని ఒక జ్ఞాపకంలా తాకుతుంది. ఓడ మునిగిన 84 ఏళ్ల తర్వాత తన కథ చెప్పుకుంటున్న రోజ్ మనఃస్థితి కూడా అదే కదా.

ఇంకొకటి. పాట మొదట్లో పిల్లనగ్రోవి లాంటి చిన్న వాద్యం, దాదాపు గుసగుసలా గొంతు. చివరి పల్లవికి శ్రుతి ఒక్కసారిగా నాలుగు అర్ధస్వరాలు (హార్మోనియం మీద వరుసగా నాలుగు మెట్లంత) పైకి లేస్తుంది. అంత దుఃఖంలోనూ బతకడానికి తెగించిన మనిషి ధైర్యం నాకు అక్కడే వినిపిస్తుంది. మీ వ్యాసాన్ని ఆ మలుపుతో మొదలుపెట్టి, వెనక్కి, బొమ్మ గీసే సన్నివేశానికి వెళ్లండి. సాహిత్యం అవసరమైన చోట దానంతటదే వస్తుంది.