మొదటి అయిదు కిలోమీటర్ల అప్పు

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. నేను తిరుపతిలో ఒక కార్యాలయంలో లెక్కలు చూసే ఉద్యోగిని. వయసు 38. రెండేళ్లుగా ఉదయం పూట పరుగెత్తుతున్నాను, ఏడాదిగా సెలవు రోజుల్లో చంద్రగిరి దాకా సైకిలు తొక్కి వస్తున్నాను. గత నెలలో ఊరి శివార్లలో జరిగిన డ్యూయథ్లాన్‌లో మొదటిసారి పాల్గొన్నాను. 5 కిలోమీటర్ల పరుగు, 20 కిలోమీటర్ల సైకిలు, మళ్లీ 2.5 కిలోమీటర్ల పరుగు. సాధనలో 5 కిలోమీటర్లకు నాకు 25 నిమిషాలు పడుతుంది. ఆ రోజు 24 నిమిషాల 10 సెకన్లలోనే ముగించాను. అందులో మొదటి కిలోమీటరుకు పట్టింది 4 నిమిషాల 25 సెకన్లు మాత్రమే. కానీ సైకిలు మీద సగం దూరం వెళ్లేసరికి తొడలు బిగుసుకుపోయాయి. ఎప్పుడూ 42 నిమిషాల్లో తొక్కే దూరానికి 46 నిమిషాలు పట్టింది. చివరి పరుగు మొదలుపెట్టిన 300 మీటర్లకే కుడి పిక్క పట్టేసింది. కుంటుతూ, నడుస్తూ 19 నిమిషాలకు గమ్యం చేరాను. మా నాన్నగారి వయసున్న ఒకాయన నన్ను దాటిపోతూ "నిదానంగా రా నాయనా" అన్నారు. ఒంట్లో ఉప్పు తగ్గడం వల్లనే ఇలా జరిగిందని కొందరు, సైకిలు సాధన చాలలేదని కొందరు అంటున్నారు. నా లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీరు లెక్కలు చూసేవారు కనుక మీ అంకెలతోనే మొదలుపెడదాం. మీ లోపం సైకిలు దగ్గర లేదు, ఉప్పు దగ్గర అంతకంటే లేదు. ఆ మొదటి కిలోమీటరులోనే ఉంది. మీ సాధన వేగం కిలోమీటరుకు 5 నిమిషాలు. డ్యూయథ్లాన్‌లో మొదటి పరుగును దానికంటే కిలోమీటరుకు 15 నుంచి 20 సెకన్లు నిదానంగా నడిపించి ఉండవలసింది. అలా చేస్తే మొదటి 5 కిలోమీటర్లకు సుమారు 26 నిమిషాల 30 సెకన్లు, సైకిలుకు మీ అలవాటు కంటే అర నిమిషం ఎక్కువ వేసుకుని 42 నిమిషాల 30 సెకన్లు, చివరి పరుగుకు 14 నిమిషాలు, అంతా కలిపి 83 నిమిషాలు అయ్యేవి. మీకు పట్టినది 89 నిమిషాల 10 సెకన్లు. అంటే మొదటి పరుగులో 2 నిమిషాల 20 సెకన్లు సంపాదించి, తర్వాతి రెండు అంచెల్లో 8 నిమిషాల 30 సెకన్లు చెల్లించారు. ఇంత వడ్డీకి అప్పు తెచ్చిన ఖాతాదారుడు మీ కార్యాలయానికి వస్తే మీరే మందలించి పంపిస్తారు.

ఈ పొరపాటు మీ ఒక్కరిదీ కాదు. డ్యూయథ్లాన్‌కు మొదటిసారి వచ్చేవారిలో ఎక్కువ మంది పరుగు అలవాటున్నవారే కావడం వల్ల, మొదటి అంచె తమ సొంత పొలంలా కనిపించి, చుట్టూ ఉన్నవారితో అక్కడే తేల్చుకోవాలన్న ఆవేశం పుడుతుంది. ట్రయథ్లాన్‌లో మొదటి అంచె ఈత కనుక అక్కడ శ్రమంతా ప్రధానంగా చేతులది, భుజాలది. కాళ్లు చాలావరకు తాజాగానే సైకిలు ఎక్కుతాయి. డ్యూయథ్లాన్‌లో మూడు అంచెలూ కాళ్ల మీదే నడుస్తాయి. స్విట్జర్లాండులోని జోఫింగెన్‌లో 1989 నుంచి జరుగుతున్న ప్రసిద్ధమైన పోటీలో 10 కిలోమీటర్ల పరుగు, 150 కిలోమీటర్ల సైకిలు అయ్యాక మరో 30 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. ఆ చివరి 30ని తలచుకుంటే మొదటి 10లో ఎలా అడుగు వేయాలో ఎవరూ చెప్పనక్కరలేదు. మీ 2.5 చిన్న అంకె కావడంతో, దాన్ని ఎలాగో లాగేయవచ్చుననుకున్నారు.

మొదటి కిలోమీటరు అంత సులువుగా ఎందుకు అనిపించిందన్నది అసలు తెలుసుకోవలసిన విషయం. పరుగు ప్రారంభించిన మొదటి ఒకటి రెండు నిమిషాల్లో కండరాలు అడిగినంత ప్రాణవాయువును గుండె, ఊపిరితిత్తులు ఇంకా అందించలేవు. ఆ లోటును కండరాల్లోనే నిలవ ఉన్న శక్తి పూడుస్తుంది. అందుచేత శ్రమ ఎంతో ఎక్కువగా ఉన్నా ఆయాసం ఇంకా తెలియదు. చేతి గడియారంలో గుండె వేగం కూడా వెంటనే పెరగదు కాబట్టి, దాన్ని చూసుకుని "ఇంకా బాగానే ఉన్నాను" అనుకుంటాం. పోటీ ఉత్సాహం, ముందు రెండు రోజుల విశ్రాంతి కూడా ఆ భ్రమకు తోడవుతాయి. రెండో కిలోమీటరులో నిజం బయటపడేసరికి, ప్రాణవాయువుతో సమంగా నడిచే హద్దును మీరు ఎప్పుడో దాటేసి ఉంటారు. ఆ హద్దు పైన గడిపిన నిమిషాల వల్ల పేరుకున్న అలసట, వేగం బాగా తగ్గిస్తే తప్ప తీరదు. మీరేమో తగ్గించకుండా నేరుగా సైకిలు ఎక్కారు.

తిరుపతివారికి ఈ సంగతి నేను కొత్తగా చెప్పవలసిన పని లేదు. అలిపిరి నుంచి తిరుమలకు ఉన్న 3,550 మెట్లలో సగానికి పైగా గాలిగోపురం చేరేలోపే ఉంటాయి, నిట్టనిలువుగా. ఆ తర్వాత దారి చాలా దూరం చదునుగా సాగి, చివర మోకాళ్ల పర్వతం ఎదురవుతుంది. కాలేజీ రోజుల్లో నేను స్నేహితులతో పందెం వేసి గాలిగోపురం దాకా మెట్లన్నీ పరుగున ఎక్కాను. గోపురం దగ్గర గెలిచింది నేనే. మోకాళ్ల పర్వతం దగ్గర రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంటే, పసుపు కుంకుమలు పెడుతూ వంగి వంగి వస్తున్న అవ్వ ఒకావిడ నన్ను దాటి వెళ్లింది. మీకు "నాయనా" అన్న పెద్దాయన ఎదురైనట్టే నాకు ఆవిడ ఎదురైంది.

ఇక పిక్క సంగతి. చెమటలో ఉప్పు పోవడమే కండరం పట్టేయడానికి కారణమన్న మాట ప్రచారంలో ఉన్నంతగా నిజం కాదు. గంటన్నర లోపు ముగిసే పోటీలో, ముందు రోజు మామూలుగా భోజనం చేసినవారికి ఉప్పు గానీ, కండరాల్లో నిలవ ఉండే గ్లైకోజెన్ అనే చక్కెర ఇంధనం గానీ పూర్తిగా అడుగంటడం అరుదు. అలవాటు లేని వేగంతో అలసిపోయిన కండరానికి, బిగించమని, వదలమని నాడులు పంపే సంకేతాల మధ్య పొత్తు తప్పడమే ఎక్కువ సందర్భాల్లో కారణంగా కనిపిస్తోంది. మీరు సాధనలో ఎన్నడూ పరుగెత్తని వేగంతో పరుగెత్తారు, ఆ కాళ్లతోనే పెడల్ తొక్కారు, వెంటనే మళ్లీ పరుగు తీశారు. పిక్క మొరాయించకపోతే ఆశ్చర్యపడాలి. పోటీకి రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు తీసుకోండి. మన ఎండలకు సైకిలు సీసాలో కాస్త ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు ఉంచుకోండి. అవి మంచివే. అవి సరిగా ఉన్నంత మాత్రాన 4 నిమిషాల 25 సెకన్ల కిలోమీటరు మీకు చెల్లదు.

వేగం పట్టుకోవడానికి గడియారం కంటే నమ్మకమైన కొలత ఒకటుంది. మెట్ల దారిలో రోజూ వినేదే: "ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవింద." మొదటి పరుగులో ఈ మాట మొత్తం ఒక్క ఊపిరిలో, తొట్రుపాటు లేకుండా పలకగలగాలి. మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తే మీరు హద్దు దాటుతున్నారు. చివరి పరుగులో ఆఖరి కిలోమీటరుకు వచ్చాక "గోవిందా" అన్న ఒక్క ముక్క మాత్రమే వస్తే చాలు. అంకెలే కావాలంటే, 400 మీటర్ల ట్రాక్ మీద చుట్టుకు 2 నిమిషాల 7 సెకన్ల చొప్పున అయిదారు చుట్లు తిరిగి, ఆ నిదానం కాళ్లకు ఎలా ఉంటుందో గుర్తు పెట్టించండి. పోటీ రోజున ఆ నిదానం సిగ్గుగా అనిపిస్తుంది. మొదటి కిలోమీటరులో యాభై మంది మిమ్మల్ని దాటిపోతారు, పోనివ్వండి.

సైకిలు మీద ఇంకో ఉచ్చు ఉంది. గంటకు 28 కిలోమీటర్ల వేగంలో మీ బలం ఎక్కువగా ఖర్చయ్యేది గాలిని చీల్చడానికే. దానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. 28 నుంచి 30కి వెళ్లడమంటే వేగం 7 శాతమే పెరిగినా, గాలి కోసం పెట్టే శక్తి సుమారు 23 శాతం పెరగాలి. కాబట్టి ఎవరో దాటిపోయారని వెంటపడి రెండు నిమిషాలు విజృంభించడం చాలా ఖరీదైన సరదా. ఎదురుగాలిలోనూ, ఎత్తు మీదా వేగం పడిపోతే పడిపోనివ్వండి, శ్రమ మాత్రం ఒకే తీరున ఉంచండి. బరువైన గేరులో నెమ్మదిగా తొక్కడం కంటే, నిమిషానికి 85, 90 చుట్లు పడేలా తేలిక గేరులో తొక్కితే తొడలు మిగులుతాయి. చివరి కిలోమీటరు మరీ తేలిక చేసుకోండి.

సైకిలు దిగగానే కాళ్లు ఎవరివో తెచ్చి తగిలించినట్టు ఉంటాయి. ఇది అందరికీ జరిగేదే. కొన్ని నిమిషాల్లో సర్దుకుంటుంది. ఆ కొద్దిసేపు అడుగులు పొట్టిగా, చురుగ్గా వేయండి. అంతవరకు 28 వేగంతో వచ్చిన కళ్లకు ఏ పరుగైనా నత్తనడకలా తోస్తుంది కనుక, వేగం చాలలేదనుకుని అడుగు సాగదీయకండి. మీ పిక్క పట్టేసింది సరిగ్గా అక్కడే. దీనికి సాధన ఒకటే: వారానికి ఒక రోజు 2 కిలోమీటర్ల పరుగు, 8 కిలోమీటర్ల సైకిలు, వెంటనే 1 కిలోమీటరు పరుగు. మొదట ఒకసారి, నెల తర్వాత రెండుసార్లు. మీరు పరుగు ఒక రోజు, సైకిలు ఇంకో రోజు చేస్తున్నారు. రెండూ విడివిడిగా బాగానే ఉన్నాయి, వాటిని కలిపే అతుకే లేదు.

ప్రశ్న: నేను గృహిణిని, 44 ఏళ్లు. నా దగ్గర గుండె వేగం చూపే గడియారం లేదు. 220లోంచి వయసు తీసేసి, వచ్చిన అంకెలో 80 శాతం మించకూడదని మా అబ్బాయి అంటాడు. మా ఊరి దారులన్నీ ఎత్తుపల్లాలు. గడియారం లేకుండా పోటీకి సిద్ధపడవచ్చా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: నిస్సందేహంగా సిద్ధపడవచ్చునమ్మా. 220 సూత్రం పెద్ద గుంపుకు సగటు చెప్పడానికే పనికి వస్తుంది; ఒక్క మనిషి విషయంలో అది పది పన్నెండు అటూ ఇటూ కావడం మామూలే. మీ అబ్బాయి చెప్పిన ప్రకారం మీ హద్దు 141 అవుతుంది, కానీ మీ గుండెకు నిజమైన హద్దు 132 కావచ్చు, 150 కూడా కావచ్చు. పైగా ఎండలో, ఒకే వేగంతో వెళుతున్నా గుండె వేగం దానంతటదే పైకి పాకుతుంది. పైన చెప్పిన గోవింద నామం కొలత మీకు చాలు. ఎత్తుపల్లాల దారి నిజానికి మీకు వరం: ఎక్కేటప్పుడు మాట తెగకుండా, దిగేటప్పుడు అడుగు పారేయకుండా ఉండటం నేర్చుకుంటే వేగం పంచుకోవడం చాలావరకు వచ్చినట్టే. అయితే ఛాతీలో నొప్పి గానీ, కళ్లు తిరగడం గానీ ఎప్పుడైనా ఉంటే ముందు వైద్యులకు చూపించుకోండి.

ప్రశ్న: చివరి పరుగులో నడిస్తే పోటీ నుంచి తొలగిస్తారా?
— ఒక విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: తొలగించరు. పరుగు అంచెలో నడవడానికి నియమాలు అనుమతిస్తాయి. పాకడానికి మాత్రం అనుమతించవు. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకో బాబూ: మొదటి పరుగు అయ్యాక సైకిలు ముట్టుకునే ముందే హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించాలి, తిరిగి వచ్చి సైకిలును దాని చోట నిలబెట్టేదాకా విప్పకూడదు. నడిచినందుకు కాదు, ఆ పట్టీ వల్లనే జరిమానా పడ్డవారిని నేను చూశాను.