నీ కోతి మరీ ఎక్కువ అరుస్తోంది

తమ్ముడూ,

కథ చదివాను. ల్యాబ్ బోనులో ఒంటరిగా పడ్డ కోతి పిల్ల గురించి రాయాలనిపించడం బాగుంది, మొదటి పేజీ కూడా బాగా వచ్చింది. రెండో పేజీ నుంచే గొడవ. అక్కణ్ణుంచి చివరిదాకా అది అరుస్తూనే ఉంది, దాని బాధ పెరిగిందని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నువ్వు గొంతు ఇంకాస్త పెంచావు, సీరియల్లో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెంచినట్టు.

అసలు ఆ అరుపు దేనికో ఆలోచించావా? నీది రీసస్ కోతి అన్నావు కదా. తనవాళ్ళు కనబడకపోతే రీసస్ పిల్ల పెదాలు ముందుకు సాచి 'కూ' అని సాగదీస్తుంది. దెబ్బలాటలో వచ్చే కీచు అరుపు వేరు. ప్యూర్టో రికో పక్కన కాయో శాంటియాగో అనే చిన్న దీవి ఉంది, అక్కడి రీసస్ కోతుల పూర్వీకుల్ని 1938లో మన దేశం నుంచే ఓడలో పట్టుకెళ్ళారు (అదే ఒక పెద్ద కథ, ఎప్పుడైనా రాయి). ఆ కోతుల కూతలు రికార్డు చేసి వినిపిస్తే, ఆడకోతులు తమ చుట్టాల గొంతేదో పరాయి గొంతేదో పోల్చుకున్నాయి. అంటే నీ పిల్ల గాల్లోకి ఏడవడం లేదు, గొంతు విని గుర్తుపట్టేవాళ్ళని పిలుస్తోంది. పిలిచాక జవాబు కోసం చూడాలి కదా, ఆ ఎదురుచూపు నీ కథలో ఒక్క వాక్యం కూడా లేదు.

ఇంకో సంగతి. 1967లో కాఫ్‌మన్, రోజెన్‌బ్లమ్ అనే ఇద్దరు సైంటిస్టులు అమెరికాలో పిగ్‌టెయిల్ మెకాక్ అనే ఇంకో జాతి కోతి పిల్లలు నాలుగింటిని గుంపులోనే ఉంచి తల్లుల్ని మాత్రం తీసేశారు. మొదటి రోజు, రోజున్నర పిల్లలు తలుపు దగ్గరికీ కిటికీల దగ్గరికీ తిరుగుతూ పిలుస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత మూడు పిల్లలు ముడుచుకుని, తల కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుండిపోయాయి, ఆటా లేదు ఏమీ లేదు. కొన్ని రోజులకి గానీ మెల్లగా తేరుకోలేదు. స్టాన్‌ఫర్డ్‌లో సీమోర్ లెవిన్ వాళ్ళు రీసస్ పిల్లల మీద చూసింది ఇంకా విచిత్రం: తల్లి పక్క బోనులో కనబడుతుంటే పిల్ల ఎక్కువ అరిచింది, కానీ ఒంట్లో కార్టిసాల్, అదే టెన్షన్ పడితే పెరిగే హార్మోన్, అంతగా పెరగలేదు. పూర్తిగా ఒంటరిగా పెట్టినప్పుడు అరుపులు తగ్గాయి, కార్టిసాల్ పెరిగింది. వినేవాళ్ళున్నారనుకున్నంతసేపే అరుస్తుందని నేను అనుకుంటున్నాను, సైంటిస్టులు ఇంత సూటిగా అనరులే. నీ కథలో నాలుగో రాత్రి కూడా ఆ పిల్ల గోల పెడుతోంది చూడు, పాఠకుడికి అక్కడ జాలి రాదు, చెవి నొప్పి వస్తుంది.

ఏ జాతి అన్నది కూడా ముఖ్యమే. మన గుళ్ళ దగ్గర నడినెత్తిన పాపిట తీసినట్టు జుట్టుండే బానెట్ మెకాక్ ఉంటుందే, దాని పిల్లలతో తల్లుల్ని తీసేసే ఆ ప్రయోగమే చేస్తే గుంపులో మిగతా ఆడకోతులు దగ్గరికి తీసుకున్నాయి, పిల్లలు పెద్దగా కుంగిపోలేదు. కాబట్టి బోను తిరుపతి చుట్టుపక్కలకి మార్చాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది గానీ, అప్పుడు కోతి మారుతుంది, దాంతో కథే మారుతుంది.

వాచ్‌మన్ కళ్ళు తుడుచుకునే పేరా కొట్టెయ్. అతను అన్నం డబ్బా మూత తీసిన చప్పుడుకి కోతి తలెత్తే వాక్యం మాత్రం ముట్టుకోకు, కథంతటికీ అదే మంచి వాక్యం.

ఆ పిల్ల వయసెంతో ఎక్కడా రాయలేదు నువ్వు. ఆరు నెలలదా, రెండేళ్ళదా? అది తేల్చుకుని రెండో పేజీ నుంచి మళ్ళీ రాసి నెలాఖరులోగా పంపు, ఆ తర్వాత మా అమ్మాయి పెళ్ళి పనుల్లో పడిపోతాను.