చెల్లి ఇంజినీరింగ్‌కి వెళ్తోంది, ఇంట్లో మేమేం చేయాలి?

మేడమ్ గారికి నమస్కారం. మాది విశాఖపట్నం, పెదజాలారిపేట. నాన్న వేటకి వెళ్తారు, అమ్మ చేపలు అమ్ముతుంది. నేను పదో తరగతితో ఆపేసి ఆటో నడుపుతున్నాను. చెల్లికి కన్వీనర్ కోటాలో ఆనందపురం వైపు ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ సీటు వచ్చింది. మా వైపు, అమ్మ వైపు ఇంత దూరం చదివినవాళ్లు ఎవరూ లేరు. పది దాకా తెలుగు మీడియం కావడంతో పాఠాలు అర్థం కావేమోనని ఇప్పటి నుంచే టెన్షన్ పడుతోంది. చెప్పడానికి మాకేమీ తెలియదు. మేమేం చేయాలి?
– ఒక అన్నయ్య

బాబూ, ముందు మీ చెల్లికి నా అభినందనలు చెప్పండి.

డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్లూ మీలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లల్ని చూశాను. వాళ్లు తెలివి లేక కాదు, అడగడానికి మొహమాటపడి నష్టపోయారు. మాడుగుల వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి రెండో ఏడాది దాకా స్కాలర్‌షిప్‌కి దరఖాస్తే పెట్టలేదు. నోటీసు బోర్డు రోజూ చూసేది. అది తనకి కాదేమో అనుకుందట. ఇంట్లో చదివినవాళ్లుంటే ‘ఆఫీసుకెళ్లి అడుగు’ అని ఒక్క మాట అనేవారు. ఆ మాట మీరు అనండి. దానికి చదువు అక్కర్లేదు.

కుల, ఆదాయ ధ్రువపత్రాల జిరాక్సులు ఒక ఫైల్లో పెట్టి తన చేతికే ఇవ్వండి. మొదటిరోజు వెంట వెళ్లండి, కానీ కౌంటర్ దగ్గర మాట్లాడాల్సింది తనే. ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చేయాలి, కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని ఉన్నత చదువుల్ని చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే చెప్పింది.

క్లాసులు ఇంకా మొదలవలేదు కదా అని మొదటి వారాల్లో ఇంట్లో ఉండిపోనివ్వకండి. కొత్త పిల్లల కోసం ఇంజినీరింగ్ లాంటి సాంకేతిక చదువుల్ని చూసే ఏఐసీటీఈ మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ పెట్టించింది. మాస్టార్లు, సీనియర్లు, లైబ్రరీ, ల్యాబ్ అన్నీ పరిచయమయ్యేది అప్పుడే.

ఇంటర్‌లో స్టడీ అవర్ పెట్టి కూర్చోబెట్టి చదివిస్తారు. ఇక్కడ అలా ఎవరూ చేయరు. మన రాష్ట్రంలో జేఎన్‌టీయూ పరిధి కాలేజీల్లో థియరీ పేపరుకి సాధారణంగా ఇంటర్నల్స్‌కి, అంటే కాలేజీలోనే వేసే వాటికి, 30 మార్కులు, సెమిస్టర్ పరీక్షకి 70. ఆ 30లో ఎక్కువ భాగం సెమిస్టర్ నడుస్తుండగా పెట్టే మిడ్ పరీక్షలదే. ‘మిడ్‌లే కదా’ అని వదిలేసినవాళ్లు చివర్లో చాలా అవస్థ పడతారు.

హాజరు 75 శాతం ఉండాలి. 65 దాకా తగ్గితే సరైన కారణం చూపించి, ఫీజు కట్టి బయటపడొచ్చు. ఇంకా తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఇది చెల్లికంటే మీ ఇంటికి సంబంధించిన సంగతి. జూన్ 14తో వేట నిషేధం ముగిశాక మీ ఇళ్లలో ఎంత పని ఉంటుందో నాకు తెలుసు. అమ్మకి సాయమనో, అమ్మవారి పండగనో, చుట్టాల పెళ్లనో ఆడపిల్లని ఆపేయడం మామూలే. ఈ నాలుగేళ్లు దయచేసి ఆ అలవాటు మానుకోండి.

ఇంగ్లీషు భయం చాలామందికి మొదటి సెమిస్టర్‌తో తగ్గుతుంది. స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులకి ఇప్పుడే డబ్బు పోయకండి. రేపటి పాఠం ఇవాళ రాత్రి ఒకసారి చదువుకుని వెళ్తే క్లాసులో ఆ మాటలు కొత్తగా అనిపించవు. అర్థం కానిది క్లాసయ్యాక మాస్టారిని తెలుగులోనే అడగమనండి. ఇంట్లో చదువుకునే చోటు లేకపోతే ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది.

ఒక సబ్జెక్టు తప్పినా ఇల్లంతా బెంబేలెత్తిపోవద్దు. సప్లిమెంటరీ రాసుకోవచ్చు. ‘దీనికి చదువు అబ్బలేదు, సంబంధం చూద్దాం’ అనే మాట మాత్రం ఎవరి నోటా రానివ్వకండి. ఆ మాటకి భయపడే పిల్లలు తప్పిన సంగతి ఇంట్లో దాచేస్తారు. ‘ఎన్ని మార్కులు’ అనే ముందు ‘ఏది కష్టంగా ఉంది’ అని అడగండి.

ర్యాగింగ్ పేరుతో ఎవరైనా ఇబ్బంది పెడితే 1800-180-5522కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఆ నంబరు మీ ఫోన్‌లోనూ పెట్టుకోండి.

మొదటి మిడ్ అయ్యాక ఏమైనా సందేహాలుంటే ఈసారి చెల్లినే రాయమనండి.