ఒక నోటుపుస్తకం, పది పోస్టుకార్డులు

అమలాపురం,
విశ్వావసు నామ సంవత్సరం, ఫాల్గుణ బహుళం.

చిరంజీవి అమ్మాజీకి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఉగాది నుంచి ఏదైనా రాయాలనుందని, అందులోనూ మనకి మంచి చేసినవాళ్ళని తలుచుకుంటూ ఏడాది మొదలెట్టాలనుందని, ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదని రాశావు. మార్చి 19న వచ్చేది పరాభవ. ఆ పేరు చూసి జడుసుకోకు తల్లీ. అరవై పేర్ల వరసలో అది నలభయ్యోది. 1966లో వచ్చింది, 2086లో మళ్ళీ వస్తుంది. దానికీ నీ రాతకీ ఏ సంబంధమూ లేదు.

ముందు పుస్తకం సంగతి. జనవరిలో బట్టల కొట్లవాళ్ళు పంచే తారీఖుల డైరీ వద్దు. నాలుగు రోజులు రాయకపోతే ఆ ఖాళీ పేజీలు చూసి సిగ్గేసి ఐదోనాడు అసలు తెరవవు. మంచి అట్ట ఉన్న ఖరీదైన పుస్తకమూ వద్దు. పాడవుతుందేమోనని చెయ్యి ముందుకి రాదు. రెండొందల పేజీల గీతల నోటుపుస్తకం, పొడుగుది, చాలు. కుడిపేజీలో రాయి, ఎడమపేజీ వదిలెయ్యి. తర్వాత గుర్తొచ్చినవీ, దిద్దుబాట్లూ అక్కడ పడతాయి. బాల్‌పెన్నుతోనే రాయి. మన వైపు వానాకాలంలో కాగితం చెమ్మకి మెత్తబడిపోతుంది. జెల్ పెన్ను రాత మీద చుక్క నీరు పడితే పేజీ అంతా అలికేస్తుంది. పుస్తకాన్ని అలమారా అడుగు అరలో గోడకి ఆనించి పెట్టకు, చెదలు వచ్చేది అటునుంచే. పై అరలో, గోడకి నాలుగు వేళ్ళ ఎడంగా పెట్టు. నెలకోసారి నీడలో గాలికి తెరిచి ఉంచు. ఎండలో పెడితే అట్ట వంకర తిరుగుతుంది. వేపాకు వేస్తే గలగలలాడేలా ఎండినదే వెయ్యి. పచ్చాకు బూజు పట్టిస్తుంది.

ఇక కృతజ్ఞత. ఇక్కడే అందరూ బోల్తా పడేది. మొదటిరోజు "దేవుడికి, అమ్మానాన్నలకి, ఆరోగ్యానికి కృతజ్ఞతలు" అని రాస్తారు. రెండోరోజూ అదే, మూడోరోజూ అదే. పదోరోజుకి విసుగొచ్చి పుస్తకం మూలపడుతుంది. మనసులో కృతజ్ఞత లేక కాదు, మాట మరీ పెద్దదైపోయి. పెద్దమాటలో మనిషి కనపడడు.

మన గోదావరి వాళ్ళు ఈ పని ఎంత బాగా చేశారో చూడు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టించిన కాటన్ దొరని భగీరథుడంటూ, స్నానం చేసేటప్పుడు తలుచుకునే శ్లోకం ఒకటుంది. వినే ఉంటావు. అందులో ఆయన మహానుభావుడు అని చెప్పి ఊరుకోలేదు. రోజూ గోదావరి స్నానం చేసే పుణ్యం మాకిచ్చాడు అన్నారు. ఏటికి దూరాన ఉన్న ఊళ్ళో మనిషి తన ఇంటిముందు కాలవలో మునిగి ఆ మాట అనుకున్నాడు. ఏమిచ్చాడో, ఎవరికిచ్చాడో, దానివల్ల రోజూ ఏం జరుగుతోందో ఒక్క శ్లోకంలో ఇమిడిపోయాయి. నువ్వూ అలాగే రాయాలి. ఎవరు, ఏ రోజు, ఏం చేశారు, దాంతో నీకు ఏం తేడా వచ్చింది. ఈ నాలుగూ ఉంటే ఐదారు వాక్యాలకి మించి అక్కర్లేదు.

"పాలాయనకి కృతజ్ఞతలు" అన్నావనుకో, అక్కడితో ఆగిపోతుంది. అదే ఇలా రాసి చూడు: "బుధవారం తెల్లవారుజాము నుంచి వాన. పుంతలో సైకిలు దిగబడిపోతోంది. క్యాను భుజానెత్తుకుని మోకాలి లోతు బురదలో నడిచొచ్చాడు. 'ఆలీసవైపోయిందండి' అన్నాడు. పిల్లాడు పాలు తాగే బడికెళ్ళాడు." ఇందులో కృతజ్ఞత అన్న మాటే లేదు, అయినా ఉంది. పైగా సగం కథ వచ్చేసింది. థాంక్స్ చెప్పడం నేర్చుకుంటే రాయడం దానంతటదే అలవాటవుతుందని నేననేది ఇందుకే. రెండిటికీ కావలసింది కళ్ళు పెట్టి చూడటమే.

రోజూ రాయకు. ఆదివారం, బుధవారం, శుక్రవారం చాలు, పూటకి ఇరవై నిమిషాలు. ఒకే మనిషి గురించి నెలలో రెండుసార్లు రాయకూడదని నియమం పెట్టుకో. అప్పుడు ఇంట్లోవాళ్ళు అయిపోయి చూపు బయటికెళ్తుంది. ఏరు దాటించే పంటు మీద తాడు విసిరేవాడు, కరెంటు పోయినప్పుడు స్తంభమెక్కే లైన్‌మేను, కొబ్బరి దింపేటప్పుడు కింద పిల్లలున్నారేమోనని కేకేసేవాడు, వీళ్ళందరూ అప్పుడు కనపడతారు. ఒకరు మేలూ చేసి, మాటా అని ఉంటే రెండూ రాయి. మేలు ఒక్కటే రాస్తే అబద్ధం వాసన కొడుతుంది, వారం తిరిగేసరికి నీకే నమ్మబుద్ధి కాదు. కష్టంలో ఉన్న రోజున బలవంతాన కృతజ్ఞత తెచ్చిపెట్టుకోకు. ఆ రోజు తారీఖు వేసి, ఏం జరిగిందో రెండు ముక్కలు రాసి మూసెయ్యి. ఇంకోటి, మొహమాటానికి పడి ఉండటాన్ని కృతజ్ఞత అనుకోకు. ఆడపిల్లలకి ఈ రెండిటినీ కలిపేసి నేర్పుతారు మన ఇళ్ళల్లో.

నెలకో పోస్టుకార్డు రాయి. యాభై పైసలు. పుస్తకంలో రాసినదాంట్లోంచి ఒకటి ఏరి, ఆ మనిషికే పంపు. ఏడెనిమిది వాక్యాలకి మించి పట్టదు కాబట్టి సోది రాదు. వాట్సాప్‌లో పెడితే రెండు దండాల బొమ్మలొచ్చి అక్కడితో సరి. కార్డయితే గూట్లో పెట్టుకుంటారు. పోస్టుమాన్ చదువుతాడు సుమా, అప్పులూ అలకలూ కార్డు మీద రాయకు. వాటికి ఇన్‌లాండ్ కవరుంది.

ఇప్పుడు నీ ఆశల సంగతి. నవల రాస్తానన్నావు. వద్దనను, ఈ ఏడాదికి మాత్రం పక్కనపెట్టు. వచ్చే ఉగాదికి పన్నెండు ముక్కలు ఉండాలి అనుకో. ఒక్కోటి పేజీన్నర, సుమారు రెండొందల యాభై మాటలు. వారానికి మూడు పూటలంటే ఏడాదికి నూట యాభై ఆరు. పెళ్ళిళ్ళు, జ్వరాలు, చుట్టాలు కలిసి సగం తినేస్తాయనుకున్నా డెబ్భై ఎనిమిది మిగులుతాయి. ముక్కకి ఆరు పూటలు. ఇంత వెసులుబాటు ఉండబట్టే ఈ లెక్క ఏడాది చివరిదాకా నిలబడుతుంది. పన్నెండులో రెండు బాగుంటే నీ ఏడాది పండినట్టే.

ఉగాదినాడు కవిత రాయాలనిపిస్తుంది. కోకిల, మావిచిగురు, షడ్రుచులతో జీవితం, ఈ మూడింటికీ ఈ ఏడాది సెలవిచ్చెయ్యి. అందరూ వాడేసి వాటిలో పస లేకుండా చేశారు. దానికి బదులు మీ ఇంటి పచ్చడే రాయి. నలుగురికి నిమ్మకాయంత కొత్త చింతపండు, రెండు గ్లాసుల నీళ్ళు, అరకప్పు బెల్లం తురుము, చిన్న మామిడికాయ, చిటికెడు ఉప్పు, కాస్త కారం, రెండు చెంచాల వేపపువ్వు. పువ్వు ముందే వేస్తే చేదంతా నీళ్ళలోకి దిగిపోతుంది, పిల్లలు ఉమ్మేస్తారు. ఆఖర్న వెయ్యాలి. ఆ పువ్వు ఎవరి చెట్టుది, ఎవరు దులిపారు, కాడలు ఎవరు ఏరారు? మొదటి పేజీ అక్కడే దొరుకుతుంది.

తర్వాత ఏం రాయాలని వెతుక్కోనక్కర్లేదు. మన కోనసీమే నెలకోటి ఇస్తుంది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక కాలవలకి నీళ్ళు కట్టేస్తారు. రేవుకి అసలు ఎన్ని మెట్లున్నాయో అప్పుడే తెలుస్తుంది. వెళ్ళి లెక్కపెట్టు, నాచు ఎన్నో మెట్టు దాకా ఉందో చూడు, అడుగున బయటపడ్డ సామాన్లు పది రాసుకో. వానాకాలం మొదట్లో నీళ్ళు వదిలిన రోజు గట్టు మీద నిలబడు. మొదటి నీరు ఏ రంగులో వస్తోంది, దేన్ని నెట్టుకొస్తోంది, ముందు ఎవరు దిగారు? ఆ తర్వాత వరదతో ఎర్రనీరొస్తుంది, ఏటి మధ్య లంకల్లో జనం సామాను సర్దుకుంటారు. మంచాల మీదికి ముందు ఏం ఎక్కిస్తారో చూడు. ఒక ఇంట్లో బియ్యం, ఒక ఇంట్లో టీవీ, ఒక ఇంట్లో పట్టాదారు పుస్తకం. వర్ణనలు నాలుగు పేజీలు రాసినా చెప్పలేనిది ఆ ఒక్కటీ చెప్పేస్తుంది.

నవంబరు వచ్చాక పెద్దవాళ్ళ దగ్గర కూచో. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. "మీ అనుభవాలు చెప్పండి" అనకు. "అబ్బో, చాలా కష్టపడ్డామమ్మా" అని ఊరుకుంటారు. ఆ రాత్రి ఎవరింట్లో తలదాచుకున్నారు, ఎంతమంది ఉన్నారు, ఏం వండారు, తెల్లారాక తలుపు తీస్తే ముందు ఏం కనిపించింది అని అడుగు. ఎవరింట్లో ఉన్నారన్న ప్రశ్నకే కృతజ్ఞత బయటికొస్తుంది. ముప్ఫయ్యేళ్ళయినా ఆ ఇంటిపేరు మర్చిపోరు. మనిషిని పోగొట్టుకున్నవాళ్ళని మాత్రం కదపకు, వాళ్ళంతట వాళ్ళు చెబితే విను. కథలో పెట్టేటప్పుడు పేర్లు మార్చు, వాళ్ళకి చదివి వినిపించాకే బయటికివ్వు.

సంక్రాంతికి ఇల్లు నిండిపోతుంది, రాత సాగదు. ప్రయత్నించనూ వద్దు. చిన్న కాగితం ముక్కల మీద విన్న మాటలు రాసి ఓ డబ్బాలో పడెయ్యి. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికెళితే, దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసుకొచ్చే పదకొండు ప్రభల గురించీ రాయాలనుకోకు. కౌశిక కాలవ నీళ్ళల్లో ప్రభ దాటించేవాళ్ళలో ఒక్క భుజాన్ని చూడు.

యాస విషయంలో జాగ్రత్త. కథ చెప్పే వాక్యాలు మామూలు తెలుగులో రాసి, మనుషులు మాట్లాడేచోట యాస రానీ. పేజీకి ఒకటో రెండో "ఆయ్" చాలు. మాటమాటకీ పెడితే మనవాళ్ళు కథలో మనుషుల్లా కాక నవ్వుకోవడానికి తెచ్చిన బొమ్మల్లా తయారవుతారు.

ముక్క రాశాక పది రోజులు ముట్టుకోకు. పదకొండోనాడు పైకి చదువు. నాలిక తడబడినచోట వాక్యం విరిచెయ్యి. "ఎంతో", "చాలా", "ఎందుకో" అన్నవాటి కింద గీత గీసి సగం తీసెయ్యి. మొదటి పేరా అడ్డంగా కొట్టేసి రెండోదాన్నుంచి చదివి చూడు. పదింట ఏడుసార్లు అదే బాగుంటుంది.

పత్రికకి పంపాలనిపిస్తే ప్రకటన రెండుసార్లు చదువు. యూనికోడ్‌లో కావాలన్నారో లేదో, ఎన్ని మాటలన్నారో చూసుకో. సొంత రచనేననీ, అనువాదం కాదనీ, ఇంకెక్కడా పరిశీలనలో లేదనీ హామీపత్రం జతచెయ్యి. అది లేక పక్కనపడ్డ కథలు బోలెడు. ఒకే కథ రెండుచోట్లకి పంపకు. మూడు నెలలు చూసి, జవాబు రాకపోతే ఒక ముక్క రాసి అడిగి, అప్పుడు వేరేచోటికి పంపుకో.

పోస్టుకార్డులు ఉగాది లోపలే ఒక పది కొని పెట్టుకో. మన ఊళ్ళల్లో పోస్టాఫీసుల్లో ఒక్కోసారి ఉండవు. మొదటిది నాకు రాయకు. నీకు అక్షరాలు దిద్దించిన టీచరుగారు ఇంకా మీ వీధి చివరే ఉన్నారు కదా, ఆవిడకి రాయి. అడ్రసులో పిన్‌కోడ్ మర్చిపోకు.

ఇట్లు,
పెద్దమ్మ