ట్రెటినాయిన్ రాస్తే మంట, పొట్టు: ముందు తడి ఆరనివ్వండి

మొటిమలకి రాసే ట్రెటినాయిన్ క్రీమ్‌తో మంట, పొట్టు వస్తున్నాయి, పడట్లేదేమో అని అడిగారుగా, క్రీమ్ పడకపోవడం కాదనిపిస్తోందండీ. మొహం కడగ్గానే రాస్తున్నా అన్నారు, అదీ మొదటి రోజు నుంచీ రోజూ, అందుకే తక్కువ బలం ఉండే 0.025 శాతం క్రీమ్ అయినా ముక్కు పక్కన, పెదాల మూలల్లో మండి పొట్టు లేస్తోంది.

1. పొట్టు తగ్గేదాకా క్రీమ్ ఆపి మాయిశ్చరైజర్ ఒక్కటే రాయండి.

2. మళ్ళీ మొదలుపెట్టాక, రాత్రి కడిగి టవల్‌తో అద్ది 20 నుంచి 30 నిమిషాలు ఆగండి. అందరూ వదిలేసేది ఇదే, డాక్టర్లు కూడా హడావిడిలో చెప్పరు. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ ముక్కు మడతల్లో తడి ఉండిపోతుంది, దాని మీద రాస్తే మంటే. నేనైతే మొహం కడిగేసి వంటిల్లు సర్ది, పొద్దుటికి మినప్పప్పు నానబోసి అప్పుడొచ్చి రాస్తా, టైమర్ గోల లేదు.

3. మొహం మొత్తానికి బఠాణీ గింజంత చాలు. మొటిమ మీద మాత్రమే పెట్టే మందు కాదిది, పల్చగా అంతటా రాయాలి. పెదాల మూలల్లో ముందే కాస్త వాజిలిన్.

4. వారానికి రెండు మూడు రాత్రులతో మొదలెట్టండి.

5. మొటిమలకే రాసే బెంజోయిల్ పెరాక్సైడ్ జెల్ కూడా ఇచ్చారన్నారుగా, అది పొద్దున, ఇది రాత్రి, కలిపి రాస్తే ట్రెటినాయిన్ దెబ్బతింటుంది. పగలు సన్‌స్క్రీన్ తప్పదు.

కొత్త మొటిమలు మొదట్లో మామూలే, తేడా కనపడ్డానికి 12 వారాల దాకా పట్టొచ్చు. వాపొచ్చినా, రసి కారినా, ప్రెగ్నెన్సీ ఆలోచన ఉన్నా ఆపేసి డాక్టర్‌కి చూపించండి.