సెల్లారులో అద్దె గదులు: అప్పు పుడుతుందా?

ప్రశ్న: సింగ్‌నగర్‌లో మాకు జీ ప్లస్ వన్ ఇల్లుంది. కింద 900 చదరపు అడుగుల సెల్లారు. బుడమేరు వరద వచ్చినప్పటి నుంచి అందులో బండ్లు కూడా పెట్టడం లేదు. రెండు గదులు, వంటగది, బాత్‌రూము కట్టి అద్దెకిద్దామంటే మేస్త్రీ 7 లక్షలవుతుందన్నాడు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన వడ్డీ రాయితీ దీనికి వస్తుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రాదండీ. రెండు చోట్ల ఆగిపోతుంది. మొదటిది ప్లాను. ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు, 2017 ప్రకారం సెల్లారు ఉన్నది పార్కింగుకు. ఏసీ ప్లాంటు, జనరేటరు గది లాంటివి పెట్టుకోవచ్చు గానీ మనుషులు కాపురం ఉండే గదులకు అనుమతి లేదు. కార్పొరేషన్ ప్లాను లేనిదే బ్యాంకు గృహరుణం ఇవ్వదు. ఫలానా చోట ప్లాను లేకుండానే ఇప్పిస్తామని ఎవరైనా అంటే, అది ఎక్కువ వడ్డీ పర్సనల్ లోనై ఉంటుంది. కాగితం చదివి సంతకం పెట్టండి.

రెండోది మీ అర్హత. 2024 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టణ ఆవాస్ యోజన 2.0లో వడ్డీ రాయితీ దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని కుటుంబానికే. మీకు ఇల్లుంది. అయితే ఈ పథకంలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. పెళ్లయిన మీ అబ్బాయికి సొంత ఇల్లు లేకపోతే అతను వేరే కుటుంబం కిందికి వస్తాడు. ఏటా ఆదాయం 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, అప్పు 25 లక్షల లోపు, కార్పెట్ ఏరియా (గోడల మధ్య వాడుకునే స్థలం) 120 చదరపు మీటర్ల లోపు ఉండాలి. మొదటి 8 లక్షల మీద 4 శాతం చొప్పున, మొత్తం 1.80 లక్షలకు మించకుండా, ఐదేళ్లలో ఐదు వాయిదాలుగా అప్పు ఖాతాలో జమ చేస్తారు. ఒక మెలిక ఉంది: రాయితీ వాయిదా విడుదలయ్యే నాటికి అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి. బోనస్ వచ్చిందని తొందరపడి కట్టేస్తే మిగతా రాయితీ పోతుంది.

డబ్బు సంగతి అలా ఉంచి, సెల్లారులో కాపురమే ప్రమాదం. వంటగ్యాసు గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేలబారున పరుచుకుని అక్కడే ఉంటుంది. కింద గదిలో అది బయటికి పోవడానికి దిగువన ఇంకో దారి ఉండదు కదా. ఇక వరద. మూడడుగుల వెడల్పు తలుపు బయట రెండడుగుల నీళ్లు నిలిస్తే దాని మీద పడే బరువు దాదాపు 170 కిలోలు. బయటికి తెరుచుకునే తలుపైతే లోపలి మనిషి నెట్టలేడు. 2021 సెప్టెంబరు 1 రాత్రి న్యూయార్క్‌లో ఐడా తుపాను వానకు నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది నేలమాళిగ ఇళ్లలో ఉన్నవాళ్లే. సరిగ్గా మూడేళ్లకు, అదే తేదీన సింగ్‌నగర్ మునిగింది.

ఆ 7 లక్షలు పై అంతస్తుకు పెట్టడం మేలు. ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు చేత పునాదులు, స్తంభాలు ఇంకో శ్లాబు మోస్తాయో లేదో రాతపూర్వకంగా తీసుకుని, ప్లాను మంజూరు చేయించి, ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్లండి. 30 లక్షల లోపు గృహరుణమైతే విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చు. అదీ ఒకేసారి కాదు, పని జరిగే కొద్దీ.

సెల్లారును బండ్లకే వదిలి ఈ పనులు చేయించండి: ర్యాంపు మొదట్లో ఆరంగుళాల గట్టు, డ్రైనేజీ పైపుకు నాన్ రిటర్న్ వాల్వు (ఇది లేకపోతే మోరీ నీళ్లు వెనక్కి తన్నుకొస్తాయి), మూలన గుంట తవ్వి అందులో ఫ్లోటు స్విచ్చున్న (నీళ్లు చేరగానే దానంతటదే నడిచే) మోటారు. మీటర్లు, మెయిన్ బోర్డు మాత్రం పై అంతస్తుకు ఎక్కించాల్సిందే.

ప్రశ్న: మా అబ్బాయికి కెనడాలో, బ్రాంప్టన్‌లో ఇల్లుంది. బేస్‌మెంటును అద్దె ఇల్లుగా మార్చడానికి 90 వేల డాలర్లవుతుందట. అక్కడ ప్రభుత్వ హామీతో అప్పు ఇస్తారంటున్నాడు. నమ్మవచ్చా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: నమ్మవచ్చమ్మా. కాకపోతే అది సబ్సిడీ కాదు. 2025 జనవరి 15 నుంచి అక్కడ ఇంటి అప్పును ఇందుకోసం, ప్రభుత్వ హామీ ఉన్న అప్పు బీమాతో, తిరగరాయించుకునే వీలు కల్పించారు. పని పూర్తయ్యాక ఇంటి విలువ ఎంతవుతుందో అందులో 90 శాతం వరకు, 30 ఏళ్ల గడువుతో. ఆ విలువ 20 లక్షల డాలర్ల లోపు ఉండాలి. ఉదాహరణకు, మార్చాక విలువ 9.5 లక్షలైతే 90 శాతం 8.55 లక్షలు. పాత బాకీ 7.2 లక్షలుంటే 1.35 లక్షలు మిగులుతుంది. కానీ చేతికి వచ్చేది పని ఖర్చుకు మించదు, అంటే 90 వేలే. బీమా ప్రీమియం మీవాడిదే, ఆ బీమా కాపాడేది మాత్రం బ్యాంకును. వాయిదాలు తప్పితే ఇల్లు పోవచ్చు. ఇంకో షరతు, రోజుల లెక్కన అద్దెకివ్వకూడదు. అబ్బాయి గానీ దగ్గరి బంధువు గానీ ఆ ఇంట్లో ఉండాలి.

అక్కడ బేస్‌మెంటు ఇల్లు చట్టబద్ధమే, పర్మిట్ తీసుకుంటే. పడకగది కిటికీ తెరిచినప్పుడు కనీసం 0.35 చదరపు మీటర్ల ఖాళీ రావాలి, ఏ వైపూ 380 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మంట లేచినప్పుడు మనిషి దూరి బయటపడాల్సింది అందులోంచే. పై ఇంటికీ కింది ఇంటికీ కలిపి మోగే పొగ అలారాలు, మధ్యలో మంటను ఆపే పైకప్పు, కరెంటు తనిఖీ సర్టిఫికెట్టు, ఆపైన నగరపాలక సంస్థలో రిజిస్ట్రేషన్. కొలతలు మొదట చూసుకోమనండి. పాత ఇళ్లలో పైకప్పు ఎత్తు చాలక నేల తవ్వాల్సి వస్తే ఖర్చు 90 వేలతో ఆగదు.

ప్రశ్న: ఆ ఖర్చులో కొంత మేమే ఇక్కణ్నుంచి పంపవచ్చా?
– అదే పాఠకురాలు

జవాబు: పంపవచ్చు. ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 అమెరికన్ డాలర్ల దాకా. 10 లక్షల రూపాయలు దాటిన భాగంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది, ఆదాయపు పన్ను రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది. మీరూ మీవారూ చెరో ఖాతా నుంచి విడివిడిగా పంపితే ఆ 10 లక్షల హద్దు ఇద్దరికీ వర్తిస్తుంది. పంపేటప్పుడు ఫారంలో బహుమతి అని రాసి, బ్యాంకు ఇచ్చిన రసీదు అబ్బాయికి పంపండి. డబ్బు ఎక్కడిదని అక్కడి బ్యాంకు అడుగుతుంది.