వార్మింట్ రైఫిల్‌కు (పంటలకు హాని చేసే చిన్న జంతువులను కాల్చే తుపాకీకి) కొత్త బ్యారెల్ వేయించేటప్పుడు ట్విస్ట్ (లోపలి గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్నది) ఎంత ఉండాలి?

ముందు ఏ తూటా కాలుస్తారో తేల్చుకుని, దాని పొడవుకు సరిపోయే ట్విస్ట్ ఎంచుకోవాలి. కార్ట్రిడ్జ్ (తూటా, మందు, గుల్ల కలిసినది) పేరొక్కటే చూస్తే చాలదు. బ్యారెల్ లోపలి గాడులు తూటాను బొంగరంలా తిప్పుతాయి. తూటా పొడవయ్యేకొద్దీ, ముక్కు సూటిగా నిలవాలంటే మరింత వేగంగా తిరగాలి.

అమెరికాలో ప్రెయిరీ డాగ్‌ల (ఉడుత జాతి చిన్న జంతువుల) వేటకు పేరున్న .22-250 రెమింగ్టన్ కార్ట్రిడ్జ్‌నే తీసుకోండి. పాత ఫ్యాక్టరీ బ్యారెళ్లలో సాధారణంగా 14 అంగుళాలకు ఒక చుట్టు ఉండేది. 50-55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) తూటాలకు అది చక్కగా సరిపోతుంది. అందులోనే 75-80 గ్రెయిన్ల పొడవాటి తూటా పెడితే అడ్డం తిరుగుతుంది, కాగితం మీద గుండ్రటి చిల్లుకు బదులు కోలగా చిరుగు పడుతుంది. దానికి 8 అంగుళాల ట్విస్ట్ కావాలి.

చాలామంది బరువే లెక్క అనుకుంటారు, కాదు. సీసం కన్నా రాగి తేలిక కాబట్టి అదే బరువున్న రాగి తూటా పొడుగ్గా ఉంటుంది. సీసం లేని తూటాలతోనే వేటాడాల్సిన కాలిఫోర్నియాలో ఇది మరీ ముఖ్యం.